మొదటి మడత

చెన్నైలో పురసవాక్కం పెద్ద రోడ్డులో ఆ మూడంతస్తుల చీరల అంగడికి వెళ్ళి, మొదటి అంతస్తులో పట్టుచీర చూపించమని అడగండి. ముందు వాసంతి మణికట్టు కనిపిస్తుంది, చీర ఆ తరవాత. రెండు కొసలు వేళ్ళ మధ్య పట్టుకుని ఒక్క విసురు విసిరిందంటే అంచు మీ వైపు తిరిగి, కొంగు సరిగ్గా మీ ఒళ్ళో వచ్చి పడుతుంది. మళ్ళీ సర్దే పని ఉండదు. ఇరవై రెండేళ్ళుగా అదే విసురు. పక్క మెత్త మీద కూర్చునే గోవిందసామి ఆమెకంటే ఎనిమిదేళ్ళు సీనియర్. ఆయన విసిరితే కొంగు ఎప్పుడూ జానెడు పక్కకు పోతుంది. ఆ సంగతి ఆయనే ఒప్పుకుంటాడు, వాసంతి వినబడేంత దూరంలో లేనప్పుడు.

ఆ అంగట్లో పట్టు విభాగం అంటే మాటలు కాదు. తెల్లగుడ్డ పరిచిన మెత్తల మీద అమ్మేవాళ్ళు కూర్చుంటారు, ఎదురుగా జంపఖానా మీద కొనేవాళ్ళు. అక్కడ కూర్చునే యోగ్యత చేతులకు ఉండాలి. పొద్దున రాగానే చేతులు చూపించాలి. గోరు చీలినా, వేలికొస గరుకైనా పట్టు పోగు లేస్తుంది కాబట్టి ఆ రోజుకి మెత్త ఎక్కనివ్వరు. వాసంతి చేతుల్ని మాత్రం చూడడం మానేసి ఏళ్ళయింది. ఆవిడ కొబ్బరినూనె రాసుకునే తీరు చూసి కొత్తగా చేరిన ఆడపిల్లలు నేర్చుకోవాలని పెద్ద యజమాని వెంకటపతి ఒకప్పుడు అందరి ముందూ అన్నాడు. ఆ మాట ఆవిడ ఇప్పటికీ నెలకొకసారైనా ఎవరికో ఒకరికి గుర్తు చేస్తుంది.

అలాంటి చేతులు పోయిన కార్తీకంలో ఒక పొద్దున మొరాయించాయి. జడ వేసుకోబోతే వేళ్ళు వంగలేదు. వంకరగా పడుకుని ఉంటాననుకుంది. మర్నాడూ అంతే. మూడో వారానికి వేళ్ళ కణుపులు వాచి, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునే స్థితి వచ్చింది. మధ్యాహ్నానికి మాత్రం ఏమీ జరగనట్టు వేళ్ళు మళ్ళీ దారికొచ్చేవి. అందుకే మూడు వారాలు తనను తాను మోసం చేసుకోగలిగింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్షలు చూసి ఉన్న మాట చెప్పేసింది. రుమటాయిడ్. కీళ్ళవాతంలో ఒక రకం. పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవాల్సిన జబ్బు. వారానికొకసారి మాత్ర, నెలనెలా రక్తపరీక్ష. మందు పని చూపించడానికి కొన్ని నెలలు పడుతుంది.

వాసంతి ఒక్కటే ప్రశ్న అడిగింది. "పట్టుచీర విసరొచ్చా మేడం?"

డాక్టరమ్మకు ఆ ప్రశ్న మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. "విసరండి. వేళ్ళకి పని లేకపోతే ఇంకా బిగుసుకుంటాయి. పొద్దునపూట మాత్రం వాటితో పోట్లాడకండి."

ఇంటికి వచ్చి చెబితే మొగుడు నాగలింగం చేతిలో ఉన్న రాగితీగ కింద పెట్టాడు. మోటార్లకు తీగ చుట్టే పని ఆయనది. ఓటేరిలో ఇంటి ముందు గదే ఆయన షాపు.

"ఇంక మానేయ్ మే," అన్నాడు. "ఇరవై రెండేండ్లు చేసినావు కదా. నేను సంపాయిస్తా ఉండా, ఇద్దరికీ చాలు."

"చాలు, సరే. పొద్దన్నుంచి పొద్దుగూకేదాకా నీ మొహం చూస్తా ఈడ కూర్చునేదానికి నావల్ల కాదు."

నాగలింగం నవ్వేశాడు గానీ ఆయనకు భయం వేసింది. మర్నాడు పొద్దున వాసంతి లేచేసరికి గిన్నెలో వేణ్ణీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఆ గిన్నె ఒక్క పొద్దు కూడా తప్పలేదు.

అంగట్లో మాత్రం చెప్పలేదు. దానికి కారణం దమయంతి. ఆరేళ్ళ కిందట దమయంతి అదే మెత్త మీద, వాసంతి పక్కనే కూర్చునేది. మోకాళ్ళ నొప్పి అని నోరు జారింది పాపం. "మీకు సుఖంగా ఉంటాదిలేమ్మా" అని ఎంతో మర్యాదగా ఆమెను కింది అంతస్తుకు, పావడాలూ జాకెట్ ముక్కలూ అమ్మే చోటికి పంపారు. మూడు నెలలు కూడా తిరక్కుండా ఆమె పని మానేసింది. పట్టు అమ్మిన మనిషికి పావడా అమ్మడం ఎంత కష్టమో దమయంతి మొహంలో చూసింది వాసంతి. కిందికి దిగడం కంటే ఇంట్లో నాగలింగం మొహం చూడడమే మేలనిపించింది. రెండూ తప్పించుకోవాలని పంతం పట్టింది.

అంగడి పది గంటలకు తెరుస్తారు. వేళ్ళు దారికొచ్చేది పన్నెండుకు. మధ్యలో ఉన్న ఆ రెండు గంటలే ఆమెకు గండం. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు తెచ్చుకుని వెనక గదిలో చేతులు కాచుకునేది. వచ్చినవాళ్ళను చీరల దగ్గరికి రానివ్వకుండా మాటల్లో పెట్టేది. ఏ ఊరు, పెళ్ళికొడుకు ఏం చేస్తాడు, ఆడపడుచులెంతమంది, వంటవాళ్ళు ఎవరు? అరగంట తరవాత ఆ ఇంటి చరిత్రంతా ఆమె దగ్గర ఉండేది, చీర మాత్రం ఒక్కటీ బయటికి వచ్చేది కాదు. అప్పటికీ చూపించక తప్పకపోతే "గోవిందన్నా, ఆ మెరూన్ ఇటు వెయ్యి, వెలుగు నీ వైపే బాగుండాది" అనేది. గోవిందసామి వేసేవాడు. జానెడు పక్కకు.

సంక్రాంతితో తై నెల వచ్చింది. పెళ్ళిళ్ళ కాలం. ఒక పొద్దున పదిన్నరకు గుంటూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడుతున్న ఒక కుటుంబం వచ్చి కూర్చుంది. పెళ్ళికూతురు, తల్లి, ఇద్దరు పిన్నులు. పిన్నులకు ఓపిక లేదు, కబుర్లు సాగలేదు. గోవిందసామి మెత్త దగ్గర అప్పటికే జనం. వేరే దారి లేక వాసంతి ఎర్ర అంచున్న పసుపు పట్టుచీర తీసి కొస పట్టుకుంది. పట్టు నిలవలేదు. చీర వేళ్ళలోంచి జారి పెళ్ళికూతురి ఒళ్ళో ముద్దలా పడింది.

పెళ్ళిచీర చేతిలోంచి జారడమంటే ఎంత అపశకునమో ఆ తల్లి మొహం చూస్తేనే తెలిసింది. పిన్ని ఒకావిడ "అయ్యో" అననే అంది.

వాసంతికి ఆలోచించే సమయం లేదు. చేతులు రెండూ వెనక్కి తీసుకుని, ఏనాటి నుంచో అదే మాట చెబుతున్నట్టు చెప్పింది. "తీసుకోమ్మా. ముహూర్తం చీర మొదటి మడత పెళ్ళికూతురే విప్పాల. మేము విప్పకూడదు. ఈడ అదే ఆనవాయితీ."

ఆ పిల్ల సిగ్గుపడుతూ మడత విప్పింది. మెల్లగా, భయంభయంగా, నిద్రపోయే పాప మీది గుడ్డ తీసినట్టు. జరీ మీద వెలుగు పడింది. అమ్మకానికి విసిరిన చీరను ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న వాసంతికి కూడా, అలా తన చీరను తానే విప్పుకుంటున్న పిల్ల మొహం కొత్తగా కనిపించింది. తల్లి కళ్ళు తుడుచుకుంది. ఆ చీరే తీసుకున్నారు. వెళ్ళేటప్పుడు "మద్రాసు వాళ్ళ ఆచారాలు ఎంత బాగుంటాయో" అని పిన్ని మెచ్చుకుంది.

అబద్ధం పుట్టింది, ఇక దానికి కాళ్ళు రావడమే తరువాయి. పదిరోజుల్లో వచ్చేశాయి. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు అది అరవవాళ్ళ ఆచారం అనుకున్నారు. అరవవాళ్ళు "తెలుగు వాళ్ళ వళక్కం అదాన్", వాళ్ళ వాడుక అదే, అని తలలు ఊపారు. ఇక వందల ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న తెలుగు కుటుంబాలు ఉన్నాయే, వాళ్ళది అన్నిటికంటే విచిత్రం. తమ ఆచారాల్లో సగం ఎప్పుడో మరిచిపోయామన్న అపరాధభావం వాళ్ళకు ఎప్పుడూ ఉంటుంది. "మా అవ్వ కాలంలో ఉండింది మా, మేమే వదిలేసినాం" అని వాళ్ళంతట వాళ్ళే ఒప్పేసుకున్నారు. ఎవరికి వారు అది అవతలివాళ్ళదనో, తాము మరిచిపోయిందనో అనుకోవడంతో అడిగేవాడే లేకపోయాడు.

గోవిందసామి కూడా మొదలుపెట్టాడు. ఊరికే ఉంటే ఆయన గోవిందసామి ఎందుకవుతాడు, తూర్పు ముఖంగా కూర్చోవాలని ఒక ముక్క సొంతంగా చేర్చాడు. పట్టు విభాగంలో తూర్పు ఎటో ఎవరికీ తెలీదు. ఆయన ఏసీ ఉన్న గోడ చూపించేవాడు.

యజమాని కొడుకు శ్రీకుమార్‌కు ముప్పై ఆరేళ్ళు. తండ్రి దగ్గర నుంచి అంగడి ఇతని చేతికి వచ్చి మూడేళ్ళయింది. ఇన్‌స్టాలో ఎవరో పెళ్ళికూతురు మొదటి మడత విప్పుతున్న వీడియో పెడితే లక్షమంది చూశారట. ఏప్రిల్‌లో చిత్తిరై నెల వచ్చేసరికి మెట్ల దగ్గర ఇత్తడి అక్షరాల బోర్డు వెలిసింది. "మొదటి మడత మీ చేత్తో. మా తరతరాల ఆనవాయితీ."

ఆ బోర్డు కింద నుంచి మొదటిసారి మెట్లెక్కుతున్నప్పుడు వాసంతి తల పైకెత్తలేదు.

జూన్ చివర, ఆని నెలలో శ్రీకుమార్ ఆమెను పిలిచాడు. "వాసంతక్కా, మంచి వీడియో ఒకటి తీస్తా ఉండాం. మీరే చెప్పాల. ఈ ఆచారం ఎన్ని వందల ఏండ్లది, యాడ పుట్టింది, మీ ఇంట్లో ఎట్ల చేస్తారు, అంతా. కెమెరా పూర్తిగా మీ చేతుల మీదనే ఉంటాది. శుక్రవారం పొద్దున, అంగడి తెరిచేలోపల."

పొద్దున. చేతుల మీద కెమెరా. ఓటేరి బస్సులో కిటికీ పక్కన కూర్చుని వాసంతి తన వేళ్ళను చూసుకుంది. కణుపుల దగ్గర వాపు ఇప్పుడు చూసేవాళ్ళకు తెలుస్తుంది. వీడియోలో అబద్ధం చెప్పి మెత్త నిలబెట్టుకోవాలి, లేదా నిజం చెప్పి పావడాల దగ్గరికి దిగాలి. ఏడు నెలలుగా దాక్కుని దాక్కుని ఆమెకు విసుగొచ్చింది. నొప్పి కంటే ఆ దాగుడుమూతలే ఎక్కువ అలసట. ఇల్లు చేరేలోపల ఇంకో దారి ఉందని తేల్చుకుంది. నిజం చెప్పాలి, మెత్తా వదలకూడదు.

మర్నాడు శ్రీకుమార్ గదిలోకి వెళ్ళి, ఆసుపత్రి ఫైలు బల్ల మీద పెట్టి, దాని పక్కన తన రెండు చేతులూ పెట్టింది.

"సార్, ఆ ఆచారానికి అయిదు నెలల వయసు. తై నెలలో పుట్టింది. కన్నది నేనే."

అంతా చెప్పింది. జారిన చీర, గుంటూరు పిన్ని, ఏసీ గోడ, అన్నీ. శ్రీకుమార్ ఆమె చేతులు చూశాడు, ఫైలు చూశాడు, తరవాత అద్దంలోంచి కనిపిస్తున్న బోర్డును చాలాసేపు చూశాడు.

"తరతరాల ఆనవాయితీ అని ఇత్తడిలో పోయించినా కదక్కా!"

"పోయించే ముందర నన్నడిగింటే చెప్పుంటా."

అడిగినా చెప్పి ఉండేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

శ్రీకుమార్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే వాసంతికి ఇంకా సులువుగా ఉండేది. అతను ఎంతో దయగా, దమయంతికి చెప్పిన మాటే చెప్పాడు. "కింద కూర్చోండక్కా. పనీ తక్కువ, మీకు సుఖంగా ఉంటాది."

"కింద కూర్చుంటే వేళ్ళు వాయడం మానతాయా సార్? పావడాకి కూడా మడతలుండాయి." వాసంతి చేతులు బల్ల మీద నుంచి తియ్యలేదు. "నొప్పి నాది, అది నేను చూసుకుంటా. పని మీది, దానికేం కావాలో చెప్తా, వినండి. ఆదివారం మాత్ర వేసుకుంటే సోమవారం తల తిరగతాది, వాంతికొచ్చినట్లుంటాది. నా సెలవు బుధవారం నుంచి సోమవారానికి మార్చండి. పన్నెండు దాకా చీర నేను విప్పను, వచ్చినోళ్ళు విప్పుకుంటారు. ఏంటికి అనేది నేనే చెప్తా. పన్నెండు తరవాత నా విసురు చూడండి. దానికి ఈ అంగట్లో సాటి ఎవురో మీరే చెప్పండి."

"నిజం చెప్తారా? జబ్బని?"

"జబ్బనే చెప్తా."

"వాళ్ళు లేచిపోతే?"

"ఎందుకు లేస్తారు? లేస్తే నేనే కిందికి దిగతా."

శ్రీకుమార్ కుర్చీలో వెనక్కి వాలాడు. "సరి. ఒక వారం చూస్తాం. మీరే చెప్పినారు, ఒక్కరు లేచినా కిందికి."

వీడియో ఆగిపోయింది. బోర్డు ఊడదీసి గోడకు ఆనించి, వెనక్కి తిప్పి పెట్టారు.

వాసంతి ఆ వారమంతా పొద్దున వచ్చినవాళ్ళకు చేతులు చూపించి చెప్పింది. "నా వేళ్ళకి వాతం, పన్నెండు దాకా లేవవు. చీర నేను ఏరిస్తా, మీరు విప్పుకోండి." ఆమె భయపడినదేదీ జరగలేదు. చెన్నైలో మోకాళ్ళో, నడుమో, వేళ్ళో నొప్పి లేని ఇల్లు ఒక్కటైనా ఉందా అని ఆమెకే అనుమానం వచ్చింది. పెళ్ళికూతుళ్ళ తల్లులు చీర పక్కన పెట్టి తమ మోకాళ్ళ సంగతులు చెప్పుకున్నారు. కీళ్ళనొప్పులకు మంచిదని ముడకత్తాన్ ఆకు దోసెలు తినమని ఆ వారంలో పదకొండుమంది సలహా ఇచ్చారు. ఒకావిడ మర్నాడు ఆకు కట్ట తెచ్చి ఇచ్చి వెళ్ళింది. చీరలు ఎప్పటిలాగే అమ్ముడుపోయాయి. శుక్రవారం నాటికి వాసంతి నడకలో కొంచెం పొగరు కూడా వచ్చింది.

శనివారం పదకొండుకు ఒక పెద్దింటావిడ కూతురితో వచ్చింది. వాసంతి మాట వినగానే ఆవిడ తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అంటుకుంటాదా?"

"అంటుకోదమ్మా. అంటుకునేదైతే నన్ను మా ఇంట్లోనే ఉండనివ్వరు."

ఆవిడ నవ్వలేదు. కూతుర్ని లేపి గోవిందసామి మెత్త దగ్గరికి వెళ్ళింది. గోవిందసామి ఆవిడ మొహంలోకి చూశాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, అమ్మకం సంగతి పక్కన పెట్టి మాట్లాడాడు. "రాండమ్మా, కూర్చోండి. నాకు సుగర్ ఉండాది, బీపీ ఉండాది. సరేనా, పరవాయిల్లయా?"

తల్లీకూతుళ్ళు అంగడే దిగి వెళ్ళిపోయారు. పై గదిలో సీసీ కెమెరా తెర ముందు కూర్చున్న శ్రీకుమార్ అంతా చూశాడు. సాయంత్రం మెత్త దగ్గరికి వచ్చి, ఆమె కళ్ళలోకి చూడకుండా చెప్పాడు. "మాట మాటే కదక్కా. సోమవారం నుంచి కింద."

"మాట మాటే," అంది వాసంతి. ఏడుపొచ్చింది. గోవిందసామి చూస్తున్నాడని మింగేసింది.

ఆదివారం పొద్దున పదిన్నరకు అంగట్లో కలకలం. శ్రీకుమార్ అవ్వ రాజలక్ష్మమ్మ వచ్చింది. ఎనభై నాలుగేళ్ళు, వెంకటపతి తల్లి. ఆవిడ అంగట్లో కాలు పెట్టి రెండేళ్ళయింది. వెంట మనవరాలు చాందిని, శ్రీకుమార్ చిన్నాన్న కూతురు. ఆషాఢం దాటాక పెళ్ళి. అవ్వ నేరుగా వచ్చి వాసంతి ఎదురుగా వేసిన కుర్చీలో కూర్చుంది. కుడిచెయ్యి ఎప్పటిలాగే కొంగు కింద. ఆవిడ చెయ్యి కొంగు బయట ఎవరూ చూసి ఎరగరు, అది పెద్దింటి మర్యాద అనుకునేవాళ్ళు.

"ఏరా, మెట్ల కాడ బోర్డు ఏమాయె?"

"అది... రంగు వేసేదానికి తీసినాం అవ్వా," అన్నాడు శ్రీకుమార్.

"బిన్నా పెట్టించు, ఆలస్యం చేయబాక. మా అత్తగారు నాకు అట్లనే విప్పించినారు. మన ఇంట్లో మొదట్నుంచి ఉండే ఆనవాయితీ అది. నేనే మరిచిపోతి, ఈ పిల్ల సెల్లులో బోర్డు పటం చూపించినాక గుర్తొచ్చింది." "ఏమ్మా వాసంతీ, చెప్పు ఈ పిల్లకి. నీకు తెలుసు కదా."

శ్రీకుమార్ వాసంతి వైపు చూశాడు. ఆ చూపు ఏమడుగుతోందో గోవిందసామికి కూడా అర్థమైంది. ఊఁ అనండక్కా. ఊఁ అంటే చాలు. ఎనభై నాలుగేళ్ళ ముసలావిడ సాక్ష్యం చెప్పాక ఆ ఆచారాన్ని కాదనేవాళ్ళు పురసవాక్కంలో లేరు. బోర్డు మళ్ళీ ఎక్కుతుంది. ఆచారం పుట్టిన మెత్త మీద నుంచి ఆమెను ఎవరూ దించరు. చేతులు ఎవరికీ చూపించక్కర్లేదు.

వాసంతి చీర అవ్వ ఒళ్ళో పెట్టబోయి, ఆగి, పక్కన పెట్టింది.

"అవ్వా, మీ అత్తగారు విప్పించినారో లేదో నాకు తెలీదు. ఈ అంగట్లో మాత్రం అది నేను పుట్టించిందే. నా వేళ్ళకి వాతం. పొద్దున పూట చీర పట్టలేను. ఒకనాడు జారిపోయింది, బుకాయించినా. ఆ ఆచారం చాటున ఎన్నాళ్ళయినా కూర్చోవచ్చు, నాకు ఇష్టం లే. చీర చూపించేది నాకు తెలిసినట్లు ఈ ఊర్లో ఎవురికీ తెలీదు. అది చూసి కూర్చోండి. లేదంటే గోవిందన్న ఉండాడు."

అవ్వ ముందుకు వంగి ఎడమచేత్తో వాసంతి చెయ్యి అందుకుంది. కణుపు మీద బొటనవేలు పెట్టి కొంచెం నొక్కింది. వాసంతి పళ్ళు బిగించింది.

"పొద్దునేనా?"

"పొద్దునే అవ్వా."

"వేణ్ణీళ్ళలో పెడితే వస్తాయా?"

"వస్తాయి."

అవ్వ కుడిచెయ్యి కొంగులోంచి బయటికి తీసి వాసంతి చెయ్యి పక్కన పెట్టింది. నాలుగు వేళ్ళూ ఒకవైపుకు ఒరిగిపోయి, కణుపులు ముడులు పడి ఉన్నాయి. శ్రీకుమార్ పుట్టిన దగ్గర నుంచి ఆ చేతి కింద పెరిగినవాడు. ఆ చేతిని అలా చూడడం అదే మొదలు.

"నాకు నలభై నాలుగేండ్లప్పుడు వచ్చింది. వీడి అమ్మ నాకు కోడలుగా వచ్చిన ఏడాదే," అంది అవ్వ. "ఎవురికీ చెప్పలా. చెప్తే మూల కూర్చోబెడతారని భయం. ముగ్గు అంటే నాకు ప్రాణం. మా వీధిలో నా ముగ్గు చూసేదానికి నిలబడేవాళ్ళు. వేళ్ళు రాకుండా పోయె. ఏం జేసేది? గడప ముందర ముగ్గు కోడలే వేయాల, అత్త వేయకూడదు, మా పుట్టింటి ఆనవాయితీ అని చెప్పేస్తి."

నలభై ఏళ్ళుగా శ్రీకుమార్ వాళ్ళమ్మ, ఈ ఎనిమిదేళ్ళుగా అతని భార్య, జ్వరమొచ్చినా వానొచ్చినా తెల్లారి లేచి గడప ముందు ముగ్గు వేస్తున్నారు. ఆ ఇంటి ఆనవాయితీ అది.

"నలభై ఏండ్లు కిటికీలోంచి చూస్తా కూర్చున్నా రా. మీ అమ్మ చుక్కలు ఎప్పుడూ వంకరే. నోరు మూసుకొని చూసినా. పొద్దున నా వేళ్ళు రావు, మధ్యాన్నం వేస్తానని ఒక్క మాట చెప్పింటే ఎవురు వద్దనేవాళ్ళు? పన్నెండింటికి ముగ్గేస్తే ఇల్లు కూలిపోతాదా? నాకు తోచలా. దీనికి తోచింది." అవ్వ కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే కారనిచ్చింది.

గోవిందసామి గొంతు సవరించుకున్నాడు. "సోమవారం నుంచి ఈమెను పావడాలకి పంపతా ఉండారు అవ్వా."

"ఎవురు పంపేది?"

శ్రీకుమార్ అవ్వ వేళ్ళను చూశాడు, వాసంతి వేళ్ళను చూశాడు. "సోమవారం ఆమె రాదు అవ్వా," అన్నాడు. "సోమవారం ఆమెకి సెలవు. ఇంక ప్రతి సోమవారమూ."

చాందిని ఇవన్నీ వింటూ ఎప్పుడో మొదటి చీర మడత తనే విప్పేసుకుంది. పదమూడు చీరలు విప్పింది. వాసంతి చెప్పిన రంగు వద్దంది, గోవిందసామి చెప్పిన రంగు అసలు వద్దంది. గోడ గడియారం పన్నెండు దాటి అయిదు నిమిషాలయింది. వాసంతి వేళ్ళు ఒకసారి ముడిచి తెరిచింది, వెనక అలమర నుంచి చిలకపచ్చ అంచున్న ముదురు ఎరుపు చీర తీసింది, రెండు కొసలు పట్టుకుని మణికట్టు తిప్పింది. చీర గాలిలో తెరుచుకుని, కొంగు వెళ్ళి అవ్వ ఒళ్ళో, ఆ వంకర వేళ్ళ మీద పడింది. ఒక్క అంగుళం అటూ ఇటూ పోలేదు.

"ఇదే," అంది చాందిని.

లేవబోతూ అవ్వ మనవడి చెవి దగ్గరికి వంగింది. మెల్లగా అన్నాననుకుంది గానీ చెవుడు వల్ల అందరికీ వినబడింది. "ముగ్గు సంగతి మీ అమ్మకి చెప్పబాకరా."

ఇత్తడి బోర్డు మళ్ళీ ఎక్కలేదు. దాంతో పనీ లేదు, పెళ్ళికూతుళ్ళు ఎలాగూ వచ్చి మొదటి మడత మేమే విప్పుతామని అడుగుతున్నారు, గోవిందసామి ఏసీ గోడ చూపిస్తున్నాడు. మందు పని మొదలుపెట్టింది. పన్నెండింటికి లేచే వేళ్ళు ఇప్పుడు పదకొండున్నరకే లేస్తున్నాయి. వాసంతి ఆ మెత్త మీదే ఉంది.

మూడో వారం మంగళవారం నాడు, సెలవు అయి వచ్చిన వాసంతి దగ్గరికి శ్రీకుమార్ వచ్చి నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, నిన్న మధ్యాన్నం మా గడప ముందర ఇంకో ముగ్గుండింది. అమ్మ వేసిన దాని పక్కన. చిన్నది. అమ్మ చూసింది, ఏమీ అనలా. తొక్కకుండా దాటిపోయింది."

వాసంతి చేతిలో చీర కింద పెట్టింది. "చుక్కలెన్ని?"

"ఏడనుకుంటా."

"వచ్చే వారం తొమ్మిది పెట్టమను," అంది వాసంతి, గడియారం చూసి మళ్ళీ చీర అందుకుంటూ.